ఎడమ రెక్క

అద్దం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే పూతమ్మ దగ్గర ఒకటే జవాబు ఉండేది: ఉండీ లేనట్టుండేది. మంచి అద్దం కంటికి కనపడకూడదు. కనపడిందంటే దాని మీద దుమ్మో, జిడ్డో, వేలిముద్రో, ఆరిపోయిన వానచుక్కో చేరిందని అర్థం. ఆ నాలుగింటి మీదా పగబట్టి ఆమె తొమ్మిదేళ్లు ఖర్చుపెట్టింది. పూతమ్మ అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. ప్రయోగశాలలో పొద్దస్తమానం గాజుపలకలకు పూతలు వేస్తూ కూర్చుంటుంది కాబట్టి తోటివాళ్లు అలా పిలవడం మొదలుపెట్టారు. నలభై దాటిన మనిషిని పట్టుకుని అలా పిలుస్తారా అని మొదట్లో ముఖం ముడుచుకుంది గానీ, తర్వాత ఆ పేరుకే పలకడం అలవాటైపోయింది.

ఆ పూత గురించి కొంచెం చెప్పుకోవాలి. వెంట్రుకను నిలువునా వెయ్యి పొరలుగా చీల్చగలిగితే అందులో ఒక పొర ఎంత ఉంటుందో అంత పలచన. వేసినవాళ్లకే వేసిన సంగతి కనపడదు. వెలుతురు తగిలితే చాలు, అద్దాన్ని అంటుకున్న జిడ్డును అదే కొరికి పొడి చేసేస్తుంది. వాన పడితే నీళ్లు చుక్కలు చుక్కలుగా నిలబడకుండా దుప్పటిలా పరుచుకుని, ఉన్న దుమ్మునంతా వెంటబెట్టుకుని కిందికి జారిపోతాయి. ఇలాంటివి లోకంలో ఇదివరకే ఉన్నాయి. కాకపోతే అవన్నీ ఎండ కోసం ముఖం వాచిన పూతలు. నేరుగా ఎండ తగిలితే తప్ప కదలవు. పూతమ్మకు కావలసింది నీడలో పనిచేసే పూత. ఇరుకు సందుల్లో, సూర్యుడి ముఖం ఎరగని కిటికీలకు పనికొచ్చేది.

ఈ పిచ్చి ఎక్కడ పట్టిందంటే, వాళ్లమ్మ దగ్గర. వాళ్లమ్మ ఒక పెద్ద ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు నేలలూ కిటికీలూ తుడిచింది. బడి అయ్యాక పూతమ్మ ఆసుపత్రి వెనక వసారాలో బల్ల మీద కూర్చుని అమ్మ పని ఎప్పుడు అయిపోతుందా అని చూసేది. అక్కడ వరసగా ఇరవై రెండు కిటికీలు. అటువైపు ఎండ రాదు. అమ్మ మొదటి కిటికీ నుంచి బయల్దేరి ఇరవై రెండోదాకా వెళ్లేసరికి మొదటిది మళ్లీ మాసిపోయేది. సబ్బునీళ్లకు అమ్మ వేళ్లు చివర్లలో పగిలి ఉండేవి. ఆ బల్ల మీద కునికిపాట్లు పడుతూ పూతమ్మ ఒక కల కనేది. కిటికీలు వాటంతటవే ఒళ్లు కడుక్కుంటున్నట్టు, అమ్మ గుడ్డ పక్కన పడేసి తనతో పాటు బల్ల మీద కూర్చున్నట్టు. పిల్లలు ఎన్నో కలలు కంటారు, పెద్దయ్యాక మర్చిపోతారు. ఈవిడ మర్చిపోలేదు. అంత మొండిది.

తొమ్మిదో ఏట నీడ పూత సిద్ధమైంది. ప్రయోగశాలలో దీపాల కింద బాగానే పనిచేసింది. అయితే దీపాల కింద పనిచేయడం వేరు, నిజమైన వీధి దుమ్ములో పనిచేయడం వేరు. అందుకు వెతికి వెతికి తమ ఇంటి కిటికీనే ఎంచుకుంది. అమ్మా కూతుళ్లు ఉండేది ఒక ఇరుకు సందులో, రెండో అంతస్తులో. అమ్మ గది కిటికీకి ఏడాది పొడవునా ఎండ పడదు. కింద బళ్ల పొగ, ఎదుట ఎప్పటికీ పూర్తికాని ఒక కట్టడం, దాని సిమెంటు దుమ్ము. పరీక్షకు అంతకన్నా మంచి చోటు దొరకదు. ఆ కిటికీకి లోపలికి తెరుచుకునే రెండు రెక్కలు. ఒక రెక్కకు పూత ఉన్న అద్దం, రెండో దానికి మామూలు అద్దం బిగించారు. బిగించింది సంస్థలో అద్దాల పని చూసే పెద్దమనిషి. పూతమ్మ ఆయన్ను బాబాయ్ అంటుంది.

ఆరోజు చేతిలో కిటికీ కొలతలు గీసిన బొమ్మ పట్టుకుని పూతమ్మ అమ్మకు కచ్చితంగా చెప్పింది. "ఎడమది నాదమ్మా, కుడిది మామూలుది. రెండిట్లో దేన్నీ ముట్టుకోకు. ఏడాది పాటు గుడ్డ తగలకూడదు. తెలిసిందా?"

"నాకెందుకే నీ అద్దాలతో," అంది అమ్మ.

ప్రతి ఆదివారం పూతమ్మ రెక్కలు లోపలికి తెరిచి, అద్దం ఎంత మసకబారిందో కొలిచే పరికరాన్ని తగిలించేది. దాని అసలు పేరు పొడుగ్గా ఉంటుంది, అందరూ మసకమీటరు అంటారు. అమ్మ పక్కనే కుర్చీలో కూర్చుని కబుర్లు చెప్పేది. పనిమానేశాక ఆ కిటికీయే ఆవిడకు లోకం. "పొద్దున వీధంతా పాలల్లో ముంచి తీసినట్టుందే," అనేది. "సాయంత్రం ఎదుటి దీపం చుట్టూ రంగుల చక్రం తిరిగిందే, ఎంత బాగుందో చెప్పలేను." పూతమ్మ ఊఁ కొడుతూ అంకెలు రాసుకునేది. ముసలితనంలో అమ్మ కాస్త కవిత్వంలో పడిందని లోపల మురిసిపోయేది కూడా.

కానీ అంకెలు మురిపించలేదు. పూత ఉన్న అద్దం బాగుంది, అందులో సందేహం లేదు. మసక నూటికి ఒక పాలు దాటలేదు. చిక్కంతా రెండో అద్దంతో వచ్చింది. ఏ పూతా లేని మామూలు అద్దం, బళ్ల పొగలో, సిమెంటు దుమ్ములో, దిక్కూ మొక్కూ లేకుండా పడి ఉండాల్సిన అద్దం కూడా అంతే శుభ్రంగా ఉంది. మొదటి నెల పోనీలే అనుకుంది. మూడో నెలకు నిద్ర పట్టడం మానేసింది. ఆరు, ఏడు, పది నెలలు. రెండు రెక్కలూ కవలపిల్లల్లా మెరుస్తూనే ఉన్నాయి.

పదకొండో నెల చివర్లో మేనేజరు పిలిచారు. ఆయన చెడ్డమనిషి కాదు, ఆ ముక్క చెప్పుకోవాలి. చెడ్డవార్త చెప్పేముందు కుర్చీ చూపించి, కిటికీ తెర సరిచేసి, బల్ల మీద కలాలు సర్దే రకం.

"చూడండమ్మా," అన్నారు. "మామూలు అద్దమే అంత బాగా ఉంటే మీ పూత ఎందుకు చెప్పండి? ఆ వీధిలో అద్దం మాయదంటే పరీక్ష పనికిరానట్టు. మాస్తుందంటే, మరి తేడా ఎక్కడ? శుక్రవారం అందరం కూర్చుందాం. తేడా చూపించగలిగితే సరే. లేదంటే నీడ పూత పక్కన పెట్టేసి మీరు ఎండ పూతల వైపు వచ్చెయ్యండి. జీతం అదే, గది కాస్త పెద్దది."

"సరేనండి," అంది పూతమ్మ. తొమ్మిదేళ్ల పనికి పెద్ద గది ఇస్తారట. బయట నడవాలో బాబాయి గాజుపలకలు మోసుకుపోతూ ఆగాడు.

"ఏంటమ్మాయ్, ముఖం అలా వేలాడేశావ్?"

"శుక్రవారం నా పూతకు పాడె కడతారు బాబాయ్."

"ఛ, అవేం మాటలు! అద్దం అబద్ధం చెప్పదు. ఎక్కడో మనిషి చెయ్యి పడి ఉంటుంది," అని ఆయన దారిన ఆయన పోయాడు. పూతమ్మకు ఆ మాట చెవికెక్కలేదు. దిగులుగా ఉన్నప్పుడు ఓదార్పు మాటలన్నీ ఒకేలా వినపడతాయి.

గురువారం ఉదయం చలిగా ఉంది. అమ్మ ఇంకా ముసుగు తన్ని పడుకుంది. వీధిలో మంచు కమ్మి ఎదుటి కట్టడం సగం గాలిలో తేలుతోంది. బళ్లు రావడం మొదలుకాలేదు. పూతమ్మ కిటికీ దగ్గరికి వచ్చి రెండు రెక్కలూ లోపలికి తీసింది. వెలుతురు ఎక్కడి నుంచి వస్తోందో తెలియడం లేదు, గోడల్లోంచే ఊరుతున్నట్టుంది. అలాంటి వెలుతురు కోసమే ఆమె ఇన్నేళ్లు పనిచేసింది. ఇంక ఇదే ఆఖరు అనుకుంది.

పూత పనివాళ్లకు ఒక అలవాటుంది. అద్దం చేతికి రాగానే దాని మీద ఊపిరి ఊదుతారు. పూత ఉన్న అద్దం మీద ఊపిరి నిలవదు, మామూలు అద్దం మీద తెల్లగా ఆవిరి పడుతుంది. పరీక్షలో ఉన్న అద్దం మీద మాత్రం ఊదకూడదు, ఊపిరిలోని తడి లెక్కలను చెడగొడుతుంది. అందుకని పదకొండు నెలలుగా ఆ కిటికీ ముందు ఆమె ఊపిరి బిగబట్టుకునే పనిచేసింది. ఇప్పుడు చెడడానికి ఏముంది? ముందు తన అద్దం మీద ఊదింది. ఏమీ పడలేదు, ఊపిరి ఎటు పోయిందో పోయింది. తర్వాత మామూలు అద్దం బయటి వైపు ఊదింది.

తెల్లటి ఆవిరిలో గుండ్రాలు తేలాయి. చిన్న చిన్న గుండ్రాలు, ఒకదాన్నొకటి ఆనుకుని, పైమూల నుంచి కిందికి వరసలుగా. ఆమె ఇంకో చోట ఊదింది. అక్కడా అవే. ఆ గుండ్రాలను ఆమె ఎరుగును. వసారాలో బల్ల మీద కూర్చుని, ఇరవై రెండు కిటికీల మీద చూసింది వాటినే.

"అమ్మా!"

అమ్మ ఉలిక్కిపడి లేచింది. "ఏమైందే? ఎవరొచ్చారు?"

"ఈ అద్దం తుడిచావా?"

అమ్మ తేలు కుట్టిన దొంగలా దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టింది. మడతపెట్టిన దుప్పటిని విప్పి మళ్లీ మడతపెట్టింది.

"నిన్నేనమ్మా అడిగేది. ఎన్నిసార్లు తుడిచావ్?"

"రోజూ," అంది అమ్మ చిన్నగా. "నువ్వు ఆఫీసుకెళ్లాక. మధ్యాహ్నం."

పూతమ్మకు ఒళ్లు మండిపోయింది. "రోజూనా? ముట్టుకోవద్దని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పానే! నా ఉద్యోగం సంగతేంటి, నా తొమ్మిదేళ్ల సంగతేంటి? రేపు అందరూ కూర్చుని నా పని మూసేస్తున్నారు, తెలుసా నీకు?"

"నేను పక్కదాన్ని ముట్టుకోలేదే, ఒట్టు! నీదే తుడిచాను. నీది గెలవాలని." అమ్మ చేతిలోని దుప్పటిని గుండెకు హత్తుకుంది. "నీది కాస్త బాగా కనపడితే మీవాళ్లు మెచ్చుకుంటారు కదా అని. తప్పేనా? కూతురి కోసం ఆమాత్రం చెయ్యకూడదా?"

తిట్టడానికి నోరు తెరిచిన పూతమ్మ మళ్లీ రెక్కల వైపు చూసింది. గుండ్రాలు ఉన్నది మామూలు అద్దం మీద. తన అద్దం మీద ఊపిరే నిలవలేదు.

"అమ్మా," అంది మెల్లగా. "నాది ఏది?"

"ఎడమది. నువ్వేగా చెప్పావ్!" అని అమ్మ లేచి వచ్చి, ఎడమచేత్తో ఎడమ రెక్కను పట్టుకుంది. పూతలేని రెక్కను.

అద్దాల పనిలో కిటికీ బొమ్మను ఎప్పుడూ బయట నిలబడి చూసినట్టే గీస్తారు. ఎడమా కుడీ బయటివాడివే. ఆ మాట అద్దాలవాళ్లకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఆరోజు పూతమ్మ చేతిలో బొమ్మ చూస్తూ ఎడమ అనేసింది. ఇంట్లో కూర్చునే అమ్మకు ఇంట్లోంచి ఎడమే ఎడమ. పదకొండు నెలలు, ఆదివారాలు పోను ప్రతి మధ్యాహ్నం, ఆసుపత్రి కిటికీలు తుడిచిన చెయ్యి కూతురి పోటీదారును తళతళలాడించింది. దానికి ఇటుపక్క ఏ చెయ్యీ తగలని నీడ పూత ఒంటరిగా నిలబడి ఆ చేతితో సరిసమానంగా వచ్చింది.

పూతమ్మ నేల మీద కూలబడి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. సంగతి విన్నాక అమ్మ నోరు నొక్కుకుంది.

"అయ్యో నా మతి మండా! అంటే ఇన్నాళ్లూ అవతలి పార్టీకి చాకిరీ చేశానా?"

"చేశావు. అంత చేసినా వాడు నన్ను దాటలేకపోయాడమ్మా!"

శుక్రవారం సమావేశంలో పూతమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. దాచుకుంటే దాచుకోవచ్చు, కానీ ఆమెకు అబద్ధం చెప్పడం చేతకాదు, చెప్పబోతే చెవులు ఎర్రబడతాయి. ఆవిరిలో తేలిన గుండ్రాల ఫొటోలు చూసి బాబాయి పగలబడి నవ్వాడు. మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకుని, ఫొటోలు మళ్లీ చూశారు.

"మీ అమ్మగారు ఎన్నేళ్లు చేశారు ఈ పని?"

"ముప్పై ఏళ్లండి."

"ముప్పై ఏళ్ల చెయ్యి," అన్నారాయన తనలో తను అనుకున్నట్టు. "నమ్మాలనే ఉంది. కానీ లెక్కల్లో నమ్మకాలు రాయలేం కదా. మూడు నెలలు ఇస్తాను. ఈసారి ఎవరూ ముట్టుకోకూడదు. మామూలు అద్దం మాసి, మీది మాయకపోతే పూత ఉంటుంది. లేకపోతే నన్నేం అనొద్దు."

ఆ మూడు నెలలూ అమ్మకు చెరసాలే అయింది. "ఇంట్లో గుడ్డలన్నీ దాచెయ్యవే, నా చెయ్యి ఊరుకోదు," అని తనే చెప్పింది. కిటికీ ముందు కూర్చుని ఒళ్లో ఒక చేతిని ఇంకో చేత్తో పట్టుకునేది. బయట వానలు వచ్చిపోయాయి. రాత్రి కురిసిన వాన పొద్దుటికల్లా పూత ఉన్న రెక్క మీద ఒక్క గుర్తు కూడా ఉంచేది కాదు. కొన్ని ఉదయాల్లో అక్కడ అద్దం ఉన్నట్టే తెలిసేది కాదు. మంచూ, ఎదుటి కట్టడం మీద ఆరేసిన బట్టలూ, తీగల మీద పిట్టలూ నేరుగా గదిలోకి నడిచి వస్తున్నట్టుండేవి. పూతమ్మ ఆఫీసుకు ఆలస్యమవుతున్నా కాఫీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయేది. రెండో రెక్క మాత్రం వారం వారం మూసుకుపోతూ వచ్చింది. ముందు సిమెంటు పొడి, దాని మీద వాన చారలు, చారల మీద పొగ జిడ్డు. మూడో నెలకు ఆ రెక్కలోంచి చూస్తే ఎదుటి కట్టడం కాదు గదా, అసలు బయట ఏదైనా ఉందా అన్నట్టుండేది. మసకమీటరు తన అద్దం మీద ఒకటి చూపించింది, మామూలు అద్దం మీద పద్నాలుగు.

మేనేజరు కాగితం మీద సంతకం పెట్టారు. బాబాయి మిఠాయి పంచాడు. పూతమ్మ మధ్యాహ్నమే సెలవు పెట్టేసి, మెట్లు రెండేసి ఎక్కుతూ ఇంటికొచ్చింది. ఆ కాగితం అందరికన్నా ముందు చూడాల్సిన మనిషి కిటికీ ముందు కూర్చుని ఉంది.

"అమ్మా, గెలిచాం! నీడ పూత ఉంటుంది. వచ్చే ఏడాది ఆసుపత్రులకే ముందు ఇస్తారట!"

అమ్మ ముఖం విప్పారింది. కూతురి తల నిమిరి, నుదురు నిమిరి, "నా తల్లే, నా బంగారమే," అంది. "నేనాగాను చూశావా? ఒక్కసారి కూడా ముట్టుకోలేదు."

"చూశాను. ఇప్పుడు నువ్వు చూడు. రెండూ చూసి చెప్పు, నాది ఏదో."

"కుడిది. ఈసారి మర్చిపోతానా?"

"గుర్తుపెట్టుకుని కాదమ్మా, చూసి చెప్పు. ఎంత తేడా ఉందో చూడు!"

అమ్మ లేచి రెక్కల దగ్గరికి వెళ్లింది. ఒకదాని ముందు నిలబడింది, రెండోదాని ముందు నిలబడింది. అలవాటుగా వేళ్లు ముందుకు చాచి, ముట్టుకోకూడదని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. మళ్లీ మొదటిదాని ముందుకే వచ్చింది.

"ఎగతాళి చేస్తున్నావా?" అని నవ్వింది పూతమ్మ. "ఒకటి బురదగుంటలా ఉంది కదమ్మా!"

"చెబితే బాధపడతావని చెప్పలేదే," అంది అమ్మ. "నాకు రెండూ ఒక్కలాగే ఉన్నాయి. కొత్తగా బిగించినప్పుడు బానే ఉండేది. తర్వాత నీ అద్దం మసకేయడం మొదలుపెట్టింది. అయ్యో, పిల్ల ఇంత కష్టపడిందే అని, నువ్వు చూడకముందే తుడిచేసేదాన్ని. ఎంత తుడిచినా పోయేది కాదు. నువ్వు ఆ మీటరు పెట్టి బాగుందంటుంటే, కాదని ఎలా చెప్పను?"

పూతమ్మ నవ్వు ఆగిపోయింది. "వంటింటి కిటికీ?"

"అదీ అంతే."

"నా ముఖం?"

"దగ్గరికొస్తే బానే కనపడతావు," అంది అమ్మ.

పూతమ్మ అమ్మ గడ్డం పట్టుకుని ముఖాన్ని పూత ఉన్న రెక్క వైపు తిప్పింది. ఏ మచ్చా లేని వెలుతురు వచ్చి అమ్మ కళ్లల్లో పడింది. రెండు కనుపాపల్లోనూ తెల్లటి పొర, ఏ పరికరమూ అక్కర్లేకుండా తెలిసిపోయేంత మందంగా ఉంది. పద్నాలుగు నెలలు ప్రతి ఆదివారం ఆ కుర్చీకి వీపు పెట్టి నిలబడి ఆమె అద్దాల్లో మసక కొలిచింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. చేతిలోని కాగితం ఎప్పుడు కింద పడిందో తెలియలేదు.

కూతురి భుజాలు కదలడం అమ్మ చేతికి తెలిసింది. ఆవిడ కంగారుపడి, పగిలిన వేళ్లతో తడుముకుంటూ పూతమ్మ చెంపలు తుడిచింది.

"ఏడవకే పిచ్చిదానా. ఇంకో పూత వేస్తే అదే సర్దుకుంటుందిలే."